మొదటి ఫ్లాట్: బయానా ఇచ్చే ముందే తేల్చుకోవాల్సినవి

ఆషాఢం వచ్చిందంటే హైదరాబాద్, విజయవాడల్లో బిల్డర్ల ఆఫర్లు మొదలవుతాయి. శ్రావణంలో రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం, ఈలోగా లక్ష రూపాయలు టోకెన్ ఇచ్చి ఫ్లాట్ ఆపుకోండి అంటారు. ఆ లక్ష చేతులు మారేదాకా బేరం మీ చేతిలో ఉంటుంది, మారాక అవతలివాళ్ల చేతిలోకి పోతుంది. అందుకే లోను, పన్ను, కాగితాలు మూడూ ఆ లక్షకు ముందే తేలాలి. ఆషాఢంలో ముహూర్తాలు లేకపోవడం ఈ పనికి కలిసొచ్చేదే: ఆఫీసుల చుట్టూ తిరగడానికి నెల రోజులు దొరుకుతుంది.

ముందు చేతిలో డబ్బు లెక్క

60 లక్షల ఫ్లాట్, ఇంకా కడుతున్నారు అనుకుందాం. ఆర్బీఐ నియమం ప్రకారం లోను 30 లక్షల వరకైతే ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్యైతే 80 శాతం, ఆపైన 75 శాతం మించకూడదు. అంటే ఇక్కడ గరిష్ఠంగా 48 లక్షలు వస్తుంది, 12 లక్షలు మీరు పెట్టుకోవాలి. చాలామంది లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చుల్ని ఇంటి విలువలో కలపకూడదు కాబట్టి వాటికి లోను రాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇవన్నీ కలిపి దాదాపు 7.5 శాతం, అంటే 4.5 లక్షలు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకి జీఎస్టీ 5 శాతం, మరో 3 లక్షలు. దాన్ని ధరలో కలిపి లోను ఇస్తారో లేదో బ్యాంకును ముందే అడగండి. ఇవ్వకపోతే మీ జేబులోంచి పోయేది 19.5 లక్షలు. కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంట్ సంఘం ఉమ్మడి నిధి), మెయింటెనెన్స్ అడ్వాన్సు, కప్‌బోర్డులు, ఫ్యాన్లు ఇందులో లేవు.

ఓసీ (భవనంలో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాక అమ్మే ఫ్లాటుకి జీఎస్టీ లేదు. 45 లక్షల లోపు ధర, హైదరాబాద్ లాంటి మెట్రో నగరాల్లో 60, విజయవాడతో సహా మిగతా చోట్ల 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా (గోడల లోపలి విస్తీర్ణం) ఉంటే 1 శాతమే.

మీరు పెట్టుకోవాల్సిన వాటాలో (మార్జిన్) తక్కువ పడ్డ డబ్బు కోసం పర్సనల్ లోను తీసుకోవద్దు. దాని ఈఎంఐని కూడా మీ జీతంలోంచి తీసేశాకే బ్యాంకు అర్హత లెక్కేస్తుంది. 48 లక్షలు అనుకున్నది 40కి దిగుతుంది, అప్పటికే బయానా ఇచ్చేసి ఉంటారు. శాంక్షన్ లెటర్ ముందు, బయానా తర్వాత. తప్పదనుకుంటే అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకోండి: బ్యాంకు లోను ఇవ్వకపోయినా, లీగల్ ఒపీనియన్ తేడాగా వచ్చినా ఇన్ని రోజుల్లో అడ్వాన్సు మొత్తం తిరిగి ఇవ్వాలి అని.

పన్ను ఆదా: చెప్పేదెంత, మిగిలేదెంత

"మీ ఈఎంఐలో సగం ప్రభుత్వమే కడుతున్నట్టు" అని సేల్స్ కుర్రాళ్లు చెబుతుంటారు. లెక్క వేద్దాం. 48 లక్షల లోను, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు: ఈఎంఐ దాదాపు 41,656. మొదటి ఏడాది కట్టే 5 లక్షల్లో వడ్డీయే 4.04 లక్షలు, అసలు తీరేది 95 వేల చిల్లర. మీరు ఉండే ఇంటికి సెక్షన్ 24(బి) కింద వడ్డీలో తగ్గించుకోగలిగేది ఏడాదికి 2 లక్షలే. 30 శాతం శ్లాబులో, సెస్సుతో కలిపి, మిగిలేది 62,400. అసలు భాగం 80సీ కిందకి వస్తుంది గానీ ఆ సెక్షన్ మొత్తానికి ఉన్న 1.5 లక్షల పరిమితిలోనే పీఎఫ్, ఎల్ఐసీ, పిల్లల ట్యూషన్ ఫీజు కూడా ఇరుక్కుని ఉంటాయి. చోటు మొత్తం ఖాళీగా ఉన్నా అదనంగా వచ్చేది ఇంకో 30 వేల లోపు. సగం కాదు, అయిదో వంతు కూడా కాదు. (సెక్షన్ నంబర్లన్నీ 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు పెట్టిన 2025 చట్టంలో నంబర్లు మారాయి.)

ఇదంతా పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకీ, 80సీకీ మినహాయింపు లేదు. అద్దెకిచ్చిన ఇంటికి వడ్డీని అద్దెలోంచి తీసేయవచ్చు గానీ, నష్టం వస్తే దాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. 2025-26 నుంచి జీతం 12.75 లక్షల వరకు ఉన్నవారికి కొత్త విధానంలో పన్నే లేదు. లేని పన్నును ఇల్లు ఎలా తగ్గిస్తుంది? అంతకు మించిన జీతం ఉంటే రెండు విధానాల్లోనూ లెక్కేసి చూసుకోండి. పాత విధానమే మేలనుకుంటే రిటర్ను గడువు తేదీలోపే వేయాలి. ఆలస్యమైతే ఆ ఎంపిక పోతుంది.

మొదటి ఇల్లు కొనేవారికి అదనంగా 1.5 లక్షల మినహాయింపు (80ఈఈఏ) అని ఇప్పటికీ బ్రోషర్లలో కనిపిస్తుంటుంది. అది 2019 ఏప్రిల్ 1 నుంచి 2022 మార్చి 31 మధ్య మంజూరైన లోన్లకు మాత్రమే. కొత్త లోనుకి వర్తించదు.

కట్టుబడి సాగినన్నాళ్లూ వడ్డీకి మినహాయింపు ఉండదు. ఇల్లు పూర్తయిన సంవత్సరం నుంచి ఆ పాత వడ్డీని అయిదు సమాన భాగాలుగా చూపించుకోవాలి, అదీ ఆ 2 లక్షల పరిమితిలోనే. అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదేళ్లలో ఇల్లు పూర్తి కాకపోతే పరిమితి 2 లక్షల నుంచి 30 వేలకు పడిపోతుంది. బిల్డర్ ఆలస్యానికి పన్ను రూపంలో జరిమానా కట్టేది మీరన్నమాట. మార్చి 31లోపు పూర్తయితే ఆ ఏడాది వడ్డీకి మినహాయింపు దొరుకుతుంది, ఏప్రిల్ 2న అయితే ఆ సంవత్సరం చేజారినట్టే. అందుకే మార్చిలో పూర్తవుతున్న ఇంటికి కాగితం మీద ఏ తేదీ పడుతోందో చూడండి.

మన ఇళ్లలో మామూలుగా జరిగే పొరపాటు ఇంకోటి ఉంది. సెంటిమెంటు కోసం డీడు భార్య పేరు మీద, ఈఎంఐ భర్త ఖాతాలోంచి. ఓనరు కాని భర్తకు మినహాయింపు లేదు, వడ్డీ కట్టని భార్యకూ లేదు. ఇద్దరూ ఉద్యోగులైతే డీడులోనూ లోనులోనూ ఇద్దరి పేర్లూ పెట్టి, ఇద్దరూ ఈఎంఐ పంచుకుంటే చెరో 2 లక్షలు వస్తుంది. రిజిస్ట్రేషన్ అయిపోయాక దీన్ని సరిచేయడం ఖరీదైన పని. 80సీ వాడుకున్న ఇంటిని అయిదేళ్లలోపు అమ్మితే, అప్పటిదాకా తగ్గించుకున్న అసలు మొత్తం ఆదాయంలో మళ్లీ కలుస్తుంది.

నిజంగా సాయం అందేది చిన్న ఇళ్లకు. పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) అర్బన్ 2.0లో కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేకపోవడం, ఇంటి విలువ 35 లక్షలు, లోను 25 లక్షలు దాటకపోవడం షరతులు. మొదటి 8 లక్షల లోనుపై 4 శాతం వడ్డీ రాయితీ, మొత్తం 1.80 లక్షల వరకు, అయిదు విడతల్లో లోను ఖాతాకి వస్తుంది. ఊళ్లో నాన్నగారి ఇంటి మాటేమిటని అడుగుతుంటారు. కుటుంబం అంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు.

టీడీఎస్: కొనేవారి నెత్తిన పడే పని

ఒప్పంద ధర గానీ స్టాంపు విలువ గానీ 50 లక్షలు, ఆపైన ఉంటే, అమ్మినవారికి ఇచ్చే ప్రతి విడతలోనూ 1 శాతం పన్ను (టీడీఎస్) మీరే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. పార్కింగ్, క్లబ్ హౌస్ చార్జీలు కూడా ధరలో భాగమే. దీని ఫారం (1961 చట్టం కింద 26క్యూబీ) గడువు, పట్టుకున్న నెల ముగిశాక 30 రోజులు. ఆలస్యానికి రోజుకు 200. 26క్యూబీలో కొనేవారిద్దరు, అమ్మేవారిద్దరు అయితే ఫారాలు నాలుగు. అమ్మేవారి పాన్ ఆధార్‌తో లింకై ఉందో లేదో ముందే చూడండి, లేకపోతే పట్టాల్సింది 1 కాదు, 20 శాతం.

అమ్మేవారు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటే ఈ 1 శాతం పనికిరాదు. ఎన్నారైకి సెక్షన్ 195 వర్తిస్తుంది, రేటు చాలా ఎక్కువ, 50 లక్షల పరిమితి కూడా లేదు. హైదరాబాద్ రీసేల్ ఫ్లాట్లలో ఇది తరచూ ఎదురయ్యేదే. అమ్మేవారిని ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోమనండి, రాతకోతలు సీఏ చేతిలో పెట్టండి. తక్కువ పట్టుకుంటే ఆ తేడా వడ్డీతో సహా శాఖ వసూలు చేసేది మీ దగ్గరే.

"కొంత వైట్, కొంత బ్లాక్" అనే బేరానికి తల ఊపకండి. స్థిరాస్తి వ్యవహారంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా ఉంటుంది. మీకు తగిలేది వేరే దెబ్బ: డీడు ధర తగ్గితే బ్యాంకు లోనూ తగ్గుతుంది, రేపు మీరు అమ్మినప్పుడు లాభం పెరిగి పన్నూ పెరుగుతుంది.

కాగితాలు

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేని ప్రీలాంచ్ ఎంత చవకైనా వద్దు. నమోదుకు ముందు అమ్మడమే చట్టవిరుద్ధం, బ్యాంకూ లోను ఇవ్వదు. నమోదైన ప్రాజెక్టులో కూడా రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు.

స్థలం 500 చదరపు మీటర్ల లోపు గానీ, ఫ్లాట్లు 8 మించకుండా గానీ ఉంటే రెరా నమోదు అక్కర్లేదు. గల్లీల్లో లేచే స్టాండ్ఎలోన్ భవనాలు చాలావరకు ఇవే. తెలంగాణలో ప్లాన్ మంజూరయ్యేటప్పుడు బిల్డర్ కట్టుబడిలో 10 శాతం దాకా మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ చేస్తాడు, అది ఓసీ వచ్చాకే విడుదలవుతుంది. పక్క ఫ్లాటుకన్నా మీ ఫ్లాటు అయిదు లక్షలు చవకంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఈసీలో (ఆస్తి మీది లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆ మార్ట్‌గేజ్ కనబడుతుంది. ఈసీ తీసేటప్పుడు ఫ్లాట్ నంబరుతో పాటు సర్వే నంబరుతోనూ వెతకండి. అదే సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులు) ఉందేమో, చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు), దాని చుట్టూ ఉండే బఫర్ జోన్‌లో పడుతోందేమో చూడండి. బ్యాంకు లోను ఇచ్చిందంటే టైటిల్ క్లియర్ అన్నట్టేనని అనుకోకండి. బ్యాంకు లాయర్ చూసేది బ్యాంకు డబ్బు కోసం.

లోను సంతకాల రోజు

కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడిగి తీసుకోండి, వడ్డీతో పాటు అన్ని చార్జీలూ కలిపిన వార్షిక రేటు అందులో ఉంటుంది. లోనుతో పాటు సింగిల్ ప్రీమియం ఇన్సూరెన్సును అప్పులోనే కలిపేస్తుంటారు, దాని మీద 20 ఏళ్లు వడ్డీ కడతారు. అక్కడే తీసుకోవాలన్న నిర్బంధం లేదు, విడిగా టర్మ్ పాలసీ చూసుకోవచ్చు.

ఫ్లోటింగ్ రేటు పెరిగితే చాలాసార్లు ఈఎంఐ కదలదు, కాలం సాగుతుంది. పై లోనులో రేటు మొదట్లోనే 8.5 నుంచి 9.5కి పెరిగి ఈఎంఐ అలాగే ఉంటే 240 నెలలు 309 అవుతాయి. ఈఎంఐ పెంచుకోవాలా, కాలం పెంచుకోవాలా అన్నది మిమ్మల్ని అడగాలి. వీలైతే ఈఎంఐ 44,742కి పెంచమని రాతపూర్వకంగా చెప్పండి. సొంతానికి తీసుకున్న ఫ్లోటింగ్ లోనును ముందుగా తీర్చినా జరిమానా లేదు.

బ్యాంకుకిచ్చే ఒరిజినల్స్ జాబితాపై, లింకు డాక్యుమెంట్లతో (పాత యజమానుల దస్తావేజులు) సహా, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. లోను తీరిన 30 రోజుల్లో అవి తిరిగి ఇవ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం చెల్లించాలి. ఏయే కాగితాలు ఇచ్చారో చూపించడానికి అప్పుడు పనికొచ్చేది ఆ రసీదే.