జాఫిష్‌ని పెంచాలంటే ముందు ఇసుక సంగతి చూడండి

చిన్న గవ్వముక్కను నోట కరుచుకొచ్చి బొరియ అంచున పెడుతుంది. కుదరలేదనిపిస్తే తీసి, తిప్పి, మళ్ళీ పెడుతుంది. లోపలికి వెళ్ళి నోటినిండా ఇసుక తెచ్చి బయట ఉమ్మేస్తుంది. మళ్ళీ ఆ గవ్వ దగ్గరికే వస్తుంది. జాఫిష్‌ని ఒక్క అరగంట ఇలా చూస్తే చాలు, ఇంట్లో పెంచుకోవాలన్న కోరిక పుడుతుంది. అయితే ఆ బొరియ నిలబడే ఏర్పాటు లేని ట్యాంకులో ఈ చేప బతకలేదు. భయంతోనే నీరసించిపోతుంది.

ఇక్కడ చెప్పేది ఎల్లోహెడ్ జాఫిష్ గురించి. ఫ్లోరిడా, బహామాస్, కరీబియన్ సముద్రంలో పగడపు దిబ్బల పక్కన ఇసుక నేలల్లో ఉంటుంది. పసుపు తల, లేత నీలం ఒళ్ళు, పెద్ద కళ్ళు, పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. మెక్సికో వైపు నుంచి వచ్చే బ్లూ స్పాట్ జాఫిష్ ఇంకా అందంగా ఉంటుంది కానీ దానికి చల్లటి నీళ్ళు కావాలి. మన వేసవిలో దాని జోలికి పోవద్దనే నా సలహా.

ట్యాంకు, ఇసుక

ఒక్క చేపకి 75 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 45 ఎత్తు ఉన్న ట్యాంకు బాగా సరిపోతుంది. ముందుగా రాళ్ళు పెట్టాలి, ఇసుక తర్వాత పోయాలి. ఈ వరస తప్పొద్దు. ఇసుక పోసి దాని మీద రాళ్ళు పేర్చితే, చేప కింద తవ్వేకొద్దీ రాయి కుంగి దాని మీదే పడుతుంది. లైవ్ రాక్ (మేలు చేసే సూక్ష్మజీవులున్న సముద్రపు రాయి) నేరుగా అడుగు గాజు మీద కూర్చోవాలి, చేత్తో కదిపినా కదలకూడదు.

ఇప్పుడు ఇసుక. లోతు 12 నుంచి 15 సెంటీమీటర్లు ఉండాలి. అంతా సన్నటి ఇసుకే పోస్తే బొరియ గోడలు జారిపోతాయి. మేస్త్రీ కాంక్రీటులో ఇసుకతో పాటు కంకర ఎందుకు కలుపుతాడో ఇక్కడా అంతే. అక్వేరియం కోసం అమ్మే సన్నటి పగడపు ఇసుక సగానికి పైగా తీసుకుని, మిగతాది బఠాణీ గింజంత పగడపు ముక్కలు, చిన్న గవ్వలు, కొన్ని పెద్ద గవ్వముక్కలు కలపండి. విశాఖ బీచ్ నుంచి సంచిలో ఇసుక తెచ్చుకుందామని చాలామందికి అనిపిస్తుంది. అది వద్దు. ఒడ్డు ఇసుకలో ఏ మురికి కలిసిందో తెలియదు, పైగా గింజంతా ఒకే సైజు. పై కొలతల ట్యాంకుకి ఇసుకే యాభై, అరవై కిలోలు పడుతుంది. నీళ్ళు, గాజు, రాళ్ళు కలిపితే 150 కిలోలు దాటుతుంది కాబట్టి స్టాండ్ గట్టిది చూసుకోండి.

నీళ్ళు

బోరు నీళ్ళు, కుళాయి నీళ్ళు వాడొద్దు. ఆర్‌ఓ నీళ్ళలో మెరైన్ సాల్ట్ కలిపి, ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకుంటూ లీటరుకి 35 గ్రాముల దగ్గర నిలపండి. నీళ్ళు ఆవిరై తగ్గితే ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్ళే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. వేడి 24 నుంచి 26 డిగ్రీలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళని చల్లబరిచే చిల్లర్ యంత్రమో, గదికి ఏసీనో లేకుండా ఇది సాధ్యం కాదు. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి. ఖాళీ ట్యాంకుని నెల, నెలన్నర నడిపి, చేపలకి విషమైన అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలో సున్నా చూపించాకే చేప కోసం వెళ్ళాలి.

మూత

నా మొదటి జాఫిష్ మూడో రాత్రే పోయింది. మూత ఉంది. పంపు వైరు కోసం వదిలిన సందు రెండు వేళ్ళంత, అంతే. పొద్దున స్టాండ్ వెనక ఎండిపోయి కనిపించింది. ఇప్పటికీ ఆ మూల వైపు చూస్తే మనసు పాడవుతుంది. ఈ చేప బెదిరితే నిలువునా పైకి ఎగురుతుంది. కొత్తగా వచ్చి, ఇంకా బొరియ తవ్వుకోని రాత్రుల్లో ప్రమాదం మరీ ఎక్కువ. సన్నటి మెష్‌తో పైభాగమంతా మూసేయండి. వైర్లు, పైపులు వెళ్ళే చోట్ల కూడా మెష్‌ని కత్తిరించి బిగించండి.

చేపని తెచ్చాక

షాపులో మీ కళ్ళముందు తిన్న చేపనే కొనండి. ఇంటికొచ్చాక లైట్లు ఆపి, ట్యాంకు నీళ్ళని సన్నటి ట్యూబుతో చుక్కచుక్కగా అది వచ్చిన నీళ్ళలోకి వదులుతూ నెమ్మదిగా అలవాటు చేయండి. ఇసుకలో చిన్న పీవీసీ ఎల్బో (వంపు పైపు ముక్క) ఒకటి ముందే పాతిపెడితే తలదాచుకోవడానికి చోటు దొరుకుతుంది. రెండు మూడు రోజులు కనిపించకపోయినా రాళ్ళు కదిపి వెతకొద్దు.

మేతకి ఫ్రోజెన్ మైసిస్, బ్రైన్ ష్రింప్ అనే చిట్టి రొయ్యల్లాంటివి బావుంటాయి. ఇది మేత వెంట పరిగెత్తే చేప కాదు. బొరియ పైన నిలువుగా తేలుతూ, నీటి వాలులో కొట్టుకొచ్చేదాన్ని అందుకుంటుంది. అందుకే కరిగించిన మేతని సూది లేని సిరంజితో బొరియకి కాస్త ఎగువన వదలండి. రోజుకి రెండు మూడుసార్లు, కొద్దికొద్దిగా.

అదే ట్యాంకులో తోడుగా ఫైర్‌ఫిష్, క్లౌన్‌ఫిష్ లాంటి నెమ్మదైన చేపలు పర్వాలేదు. ట్రిగ్గర్, డాటీబ్యాక్, హాక్‌ఫిష్ లాంటి దూకుడు చేపలు వద్దే వద్దు. పగడాలుంటే ఇసుక మీద కాకుండా రాళ్ళ మీద ఎత్తులో పెట్టండి, లేకపోతే ఇది తవ్విన ఇసుకంతా వాటి మీదే పోస్తుంది.

చీకటి పడేవేళ గమనించండి. ఒక గవ్వనో రాయినో లాక్కొచ్చి బొరియ నోటికి అడ్డం పెట్టుకుని పడుకుంటుంది. అలా మూసుకుంటోందంటే ఇంటికి అలవాటు పడినట్టే.

జంట కుదిరితే ఇంకో వింత కూడా చూడొచ్చు. ఆడది పెట్టిన గుడ్ల ముద్దని మగది నోట్లో పెట్టుకుని వారం రోజులకు పైగా మోస్తుంది. మధ్యమధ్యలో నోరు తెరిచి గుడ్లని అటూ ఇటూ కదుపుతుంది. ఆ రోజుల్లో అది సరిగా తినదు. టెన్షన్ పడకండి, ట్యాంకులో చెయ్యి మాత్రం పెట్టకండి.