ఎస్‌ఎస్‌హెచ్ తెరిచే ముందు అడ్మిన్ గ్రూపులో ఎవరున్నారో చూడండి

పోయిన వారం ఒక విండోస్ సర్వర్ లాగ్‌లు (మెషీన్‌లో జరిగినవి నమోదయ్యే ఫైళ్లు) చూడమని నన్ను పిలిచారు. దాని మీద ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయి కమాండ్లు ఇవ్వడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) పెట్టుకుని నలుగురు బయటి నుంచి పనిచేస్తుంటారు. ఒక రాత్రి ఎవరో లోపలికొచ్చి బ్యాకప్ ఫోల్డర్లు తుడిచిపెట్టేశారు. పాస్‌వర్డ్ ఎవరూ కనిపెట్టలేదు, సాఫ్ట్‌వేర్‌లో లోపమేదీ వాడుకోలేదు. ఏడాది క్రితం పని మానేసిన ఒకతని అకౌంటు అప్పట్లోనే తీసేశారు గానీ, అతని కీ (పాస్‌వర్డ్‌కి బదులు లాగిన్‌కి వాడేది) మాత్రం అనుమతించిన కీల ఫైల్లో అలాగే ఉండిపోయింది. ఆ కీ తర్వాత ఎవరి చేతిలో పడిందో తెలీదు. దాంతో లాగిన్ అయింది మాత్రం ఇప్పుడు పనిచేస్తున్న ఒకావిడ పేరు మీద. ఆవిడ ఆ రాత్రి మెషీన్ ముట్టుకోనేలేదు. పొద్దున్నే అందరూ ఆవిడనే అడిగారు.

ఒకరి కీతో ఇంకొకరి పేరు మీద ఎలా వచ్చారంటే, ఆ నలుగురూ అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో, అంటే మెషీన్ మీద పూర్తి హక్కులున్నవాళ్ల గ్రూపులో ఉన్నారు. మామూలు యూజర్ కీ తన సొంత ప్రొఫైల్‌లోని డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ఉంటుంది. అడ్మిన్ గ్రూపులో చేరాడంటే విండోస్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఆ ఫైలు చూడటం మానేస్తుంది. ప్రోగ్రామ్‌డేటాలోని ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ‘అడ్మినిస్ట్రేటర్స్_ఆథరైజ్డ్_కీస్’ అని ఒకే ఒక్క ఫైలుంటుంది, అడ్మిన్లందరికీ అదే. అందులో ఉన్న ఏ కీతోనైనా ఏ అడ్మిన్ పేరుతోనైనా లాగిన్ కావచ్చు. ఈ సంగతి తెలియని వాళ్లే నాకు ఎక్కువగా తగులుతుంటారు.

రోజువారీ పనికి వాడే అకౌంటుని అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో వేయడం, నేను చూసిన నష్టాల్లో చాలావాటికి మూలం ఇదే.

‘ప్రివిలేజ్ సెపరేషన్ (హక్కుల్ని వేరుచేయడం) ఉందిగా’ అంటారు. ఉంది, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2002 నుంచీ ఉంది. విండోస్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ సర్వీసు (కనెక్షన్లు తీసుకునే సర్వర్ ప్రోగ్రామ్) లోకల్ సిస్టమ్ కింద, అంటే మెషీన్ మీద సర్వహక్కులతో నడుస్తుంది. అందుకే బయటి నుంచి వచ్చిన కనెక్షన్‌తో ముందు మాట్లాడే పని దాదాపు ఏ హక్కులూ లేని వేరే ప్రాసెస్‌కి అప్పజెబుతుంది. సెక్యూరిటీ లాగ్‌లో ‘వర్చువల్ యూజర్స్’ కింద ఎస్‌ఎస్‌హెచ్‌డీ, పక్కన ఒక అంకె ఉన్న పేరు కనిపిస్తే అది ఇదే, కంగారు పడకండి. ఆ కాపలా లాగిన్ అయ్యేవరకే. ఆ తర్వాత సెషన్ మీ అకౌంటు హక్కులతో నడుస్తుంది. ఆ అకౌంటే అడ్మిన్ అయినప్పుడు ఇక వేరుచేసి ఏం లాభం? పైగా ఎస్‌ఎస్‌హెచ్‌లో యూఏసీ పెట్టె (అడ్మిన్ పనికి ముందు విండోస్ అనుమతి అడిగేది) రాదు, ‘యెస్’ నొక్కమని అడగదు. మొదటి కమాండ్ నుంచే పూర్తి హక్కులు.

జనం అడ్మిన్ గ్రూపులో ఎందుకు వేస్తారో నాకు తెలుసు. కీ పెట్టాక ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తుంది. గంట కొట్టుకున్నాక, పోనీ అడ్మిన్ చేసి చూద్దాం అనిపిస్తుంది. ఆ గంటలో ఈవెంట్ వ్యూయర్ తెరిచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కింద ‘ఆపరేషనల్’ లాగ్ ఒక్కసారి చూడండి. చాలాసార్లు కారణం కీ ఫైలు పర్మిషన్లే. వేరే మామూలు యూజర్లకి ఆ ఫైల్లో రాసే హక్కుంటే సర్వీసు దాన్ని నమ్మదు, నమ్మకూడదు కూడా. ఇన్‌హెరిటెన్స్ (పై ఫోల్డర్ హక్కులు కిందికి రావడం) ఆపేసి ఆ యూజర్‌కీ, సిస్టమ్‌కీ, అడ్మినిస్ట్రేటర్స్‌కీ మాత్రమే హక్కులివ్వండి. ఓనర్ ఆ యూజరే ఉండాలి.

అడ్మిన్ చేయడానికి రెండో కారణం నెట్‌వర్క్ షేర్లు. కీతో లాగిన్ అయిన సెషన్‌లో వేరే మెషీన్ మీది ఫోల్డర్లు తెరుచుకోవు. ఆ సెషన్ చేతిలో పాస్‌వర్డ్ లేదు గనక అవతలి మెషీన్‌కి చూపించడానికి ఏమీ ఉండదు. అడ్మిన్ చేసినా తెరుచుకోవు. అయినా చేస్తారు, పని జరక్కపోయినా తీయడం మర్చిపోతారు.

ఇక అకౌంట్ల సంగతి. మనిషికి ఒక మామూలు అకౌంటు. నిజంగా అడ్మిన్ పని ఉన్నవాళ్లకి వేరే పేరుతో రెండోది, ఆ పని ఉన్నప్పుడే వాడాలి. రిమోట్ లాగిన్ కోసం ఒక గ్రూపు చేసి, ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ ఫైల్లో ‘అలౌ గ్రూప్స్’ కింద దాని పేరే ఇవ్వండి, చిన్న అక్షరాల్లో రాయండి. లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ అన్ని సర్వర్లకీ ఒకటే పెడితే ఒకటి పోయిన రోజే అన్నీ పోతాయి. విండోస్‌లోనే 2023 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి ల్యాప్స్ (ఒక్కో మెషీన్‌కి వేరే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి మార్చే సదుపాయం) ఉంది, వాడుకోండి.

కాన్ఫిగ్ ఫైలుతో జాగ్రత్త. దాని చివర ‘మ్యాచ్ గ్రూప్ అడ్మినిస్ట్రేటర్స్’ అనే బ్లాక్ ఉంటుంది. ‘పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో’ అని ఆ కింద రాశారంటే అది అడ్మిన్లకే వర్తిస్తుంది, మిగతా అందరికీ పాస్‌వర్డ్ లాగిన్ తెరిచే ఉంటుంది. నేను స్వయంగా ఇలా రాసి, మూశాననుకుని ఇంటికెళ్లిపోయాను. ఆ బ్లాక్ పైన రాయండి, సర్వీసు రీస్టార్ట్ చేయండి, వేరే మెషీన్ నుంచి మామూలు అకౌంటుతో ప్రయత్నించి చూడండి.

ఆ బ్లాక్‌ని కామెంట్ చేసేయమని, అంటే లైన్ల ముందు # పెట్టి పనిచేయకుండా ఆపేయమని సలహా ఇస్తుంటారు. వినకండి. అప్పుడు అడ్మిన్ కీ అతని ప్రొఫైల్‌లోనే ఉంటుంది. అతను తెలియక తెరిచిన ఏ ప్రోగ్రామైనా, యూఏసీ దాటకుండానే, అందులో తన కీ రాసుకుని అదే మెషీన్‌లోకి పూర్తి హక్కులతో లాగిన్ అయిపోగలదు.

సిగ్విన్ (విండోస్ మీద యునిక్స్ ప్రోగ్రాములు నడిపేది) ఎస్‌ఎస్‌హెచ్‌డీ వాడే పాత సర్వర్లుంటే ‘సిగ్_సర్వర్’ అకౌంటు ఉందేమో వెతకండి. ఎవరి పేరు మీదైనా టోకెన్ (వాళ్ల హక్కులతో పనిచేయించే గుర్తింపు) తయారుచేయగల హక్కులున్న అకౌంటు అది. సిగ్విన్ 3.0 నుంచి దాని అవసరం లేదు. సర్వీసుని లోకల్ సిస్టమ్‌కి మార్చి, లాగిన్లు సరిగ్గా అవుతున్నాయో చూసుకుని, దాన్ని తీసేయండి.

మిగతావి:

ఎస్‌ఎస్‌హెచ్‌డీ సర్వీసుని మీ సొంత అడ్మిన్ పేరు మీద నడపకండి.

ఫైళ్లు పంపడానికి మాత్రమే వచ్చేవాళ్లకి ‘ఫోర్స్ కమాండ్ ఇంటర్నల్-ఎస్‌ఎఫ్‌టీపీ’ పెట్టండి. విండోస్‌లో క్రూట్ (ఒక ఫోల్డర్ దాటి పోనివ్వని కట్టడి) ఒక్కటే పెడితే షెల్ దాన్ని లెక్కచేయదు.

టన్నెల్ (ఎస్‌ఎస్‌హెచ్ గుండా వేరే కనెక్షన్లు పంపడం) అవసరం లేనివాళ్లకి టీసీపీ ఫార్వర్డింగ్ ఆపండి.

ఫైర్‌వాల్‌లో 22వ పోర్టుని మీకు తెలిసిన అడ్రస్‌లకే తెరవండి.

సీ డ్రైవ్ మొదట్లో ఫోల్డర్ చేసి, అందులోని స్క్రిప్ట్‌ని సిస్టమ్ పేరుతో షెడ్యూల్ చేయకండి. అక్కడ చేసిన ఫోల్డర్‌లో లాగిన్ అయిన ఎవరైనా ఫైళ్లు మార్చగలరు, అది డిఫాల్ట్. మామూలు యూజర్ ఆ స్క్రిప్ట్ మార్చాడంటే అడ్మినే.

పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన కీ చావదు. కీ తీయండి.

షేర్డ్ అకౌంటు వద్దు. ఒక్కరోజుకైనా వద్దు.

రోజువారీ అకౌంటుని అడ్మినిస్ట్రేటర్స్‌లో వేయకండి. ‘టెస్టింగ్ కోసం’ కూడా వేయకండి.

4732 ఈవెంట్ వచ్చిన ప్రతిసారీ మీకు మెయిల్ రావాలి. ఎవరో ఒకరిని గ్రూపులో చేర్చారని అర్థం.

అడ్మిన్ కీల ఫైలు మీద ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ నడిపి ఫింగర్‌ప్రింట్లు (ఒక్కో కీని గుర్తుపట్టే చిన్న కోడ్‌లు) తీయండి. ప్రతిదాని పక్కన మనిషి పేరు రాయండి. పేరు రాయలేని కీ ఈరోజే తీసేయండి. లాగిన్ లాగ్‌లో ప్రతి కీ లాగిన్ పక్కన ఫింగర్‌ప్రింట్ ఉంటుంది. ఆవిడ తప్పేమీ లేదని నేను చూపించగలిగింది ఆ వరసతోనే.

‘నెట్ లోకల్‌గ్రూప్ అడ్మినిస్ట్రేటర్స్’ కొట్టండి. వచ్చిన పేర్లు లెక్కపెట్టండి. అక్కర్లేనివి తీసేయండి. తీసేశాక వాళ్ల పాత సెషన్లు కూడా తెంచండి, తెరిచి ఉన్న సెషన్‌కి పాత హక్కులే ఉంటాయి.