లంకలో రాత్రి మకాం: తడి ఎక్కడిది, ఏం చేయాలి?

డిసెంబరు, జనవరి నెలల్లో గోదావరి తగ్గి ఇసుక తిన్నెలు బయటపడగానే గాలం వేసేవాళ్ళు, పక్షులను చూసేవాళ్ళు లంకల్లో, అంటే నది మధ్య దిబ్బల్లో, రాత్రి ఉండటానికి బయల్దేరతారు. అడవి జంతువులను వేటాడటం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. కోరింగ అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా పడుకోవడం కూడా కుదరదు. కాబట్టి ఆ రెండూ పక్కన పెట్టి మాట్లాడుకుందాం. తక్కువ డబ్బుతో సరంజామా కొనేవాళ్ళు సాధారణంగా ఉన్నదంతా స్లీపింగ్ బ్యాగ్ మీదే పెట్టేస్తారు. కానీ డెల్టాలో రాత్రి నిద్ర చెడగొట్టేది చలి కన్నా తడి.

బ్యాగ్ మంచిదే, అయినా వీపు చల్లగా ఉంది

కారణం కింద ఉంది. మీ బరువుకి బ్యాగ్ అడుగున దూది అణిగిపోతుంది. అణిగిన దూదిలో గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనం ఆగదు. పైగా చెమ్మ ఇసుక ఒంట్లో వేడిని తెగ లాగేస్తుంది. మామూలు గాలి పరుపు వేసినా పెద్ద తేడా ఉండదు, దాని లోపలి గాలి కూడా చల్లబడిపోతుంది.

ముందు బరకం పరవండి. కళ్ళంలో ధాన్యం ఆరబెట్టేదే చాలు. దానిమీద జానెడు మందాన ఎండు వరిగడ్డి, ఆపైన 10 మిల్లీమీటర్ల ఫోమ్ షీట్. కోతలయ్యాక గడ్డికి కరువుండదు, రైతుని అడిగి తీసుకోండి. గడ్డివాము అడుగునుంచి లాగకుండా పైనుంచి తీసి, ఎండలో దులిపి మరీ వాడండి. తేళ్ళుంటాయి. గడ్డి దొరక్కపోతే రెండు తుంగచాపలు వేసి ఫోమ్ పరవండి.

ఇక బ్యాగ్ సంగతి. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో వేసే డిగ్రీల అంకె చాలాసార్లు ‘ఎక్స్‌ట్రీమ్’ది. అది ప్రాణం నిలబడే హద్దు, నిద్ర పట్టే హద్దు కాదు. చూడాల్సింది ‘కంఫర్ట్’ అంకె. ఈకలు కూరిన బ్యాగ్ ఇక్కడికి దండగ, చెమ్మకి ముద్దయిపోతుంది. పాలిస్టర్ దూదిది నయం. నిజానికి లంకలో పడుకోవడానికి ఇంట్లో రగ్గు, ఓ దుప్పటి సరిపోతాయి. మారేడుమిల్లి వైపు కొండలు ఎక్కేవాళ్ళయితేనే బ్యాగ్ కొనండి.

తెల్లారేసరికి టెంట్ లోపల నీళ్ళు

టెంట్ కారుతోందని తిట్టుకునేముందు తడి ఎక్కడుందో వేలితో తడిమి చూడండి. గోడలంతటా సన్నటి బొట్లుంటే అది మీ ఊపిరే. దోమలకి భయపడి జిప్పులన్నీ బిగిస్తే ఆవిరి బయటికి పోక చల్లటి గుడ్డ మీద బొట్లుగా మారుతుంది. జాలీ జిప్పు మాత్రం వేసి, గుడ్డ తలుపు రెండువైపులా తెరిచి ఉంచండి. కుట్ల వెంబడే తడి ఉంటే సీమ్ సీలర్ (కుట్ల సందులు మూసే జిగురు) పూయాలి. అడుగున మాత్రమే తడి ఉంటే, కింద పరిచిన బరకం అంచు టెంట్ బయటికి వచ్చిందేమో చూడండి. పైనుంచి జారిన మంచు నీళ్ళు దాని మీద చేరి లోపలికే వస్తాయి. అంచుని లోపలికి మడిచేస్తే చాలు.

ఒకే పొర ఉన్న చవక టెంట్ అయితే పైన మూరెడు ఎత్తులో రెండో బరకం కట్టండి. సరుగుడు కర్రలు నాలుగు ఉంటే పని అయిపోతుంది. మంచంతా దానిమీదే పడుతుంది. మామిడి, చింత చెట్ల కింద మంచు తక్కువే. కొబ్బరి, తాడి చెట్ల కింద మాత్రం వద్దు. ఎందుకో గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

టెంట్ మేకులు ఇసుకలో నిలవడం లేదు

నిలవవు. ఖాళీ యూరియా సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతున పాతిపెట్టండి.

అర్ధరాత్రి నీళ్ళొచ్చాయి

యానాం, అంతర్వేది దగ్గర్లో, సముద్రం పోటు ఎక్కే పాయల పక్కన ఇది మామూలే. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ. గట్టు మీద ఎండిన గుర్రపుడెక్క ఒక గీతలా పడి ఉంటుంది, నీళ్ళు అంతదాకా వచ్చాయన్నమాట. ఆ గీతకి బాగా పైన మకాం వేయండి. వానాకాలంలో ధవళేశ్వరం నుంచి వరద వదిలే రోజుల్లో అసలు లంకకే వెళ్ళొద్దు.

దోమలు, పాములు

డబ్బు ఒక్కదానికే ఉందంటే దోమతెర కొనండి, టెంట్ తరవాత చూసుకోవచ్చు. బరకం కింద తాడు కట్టి తెర వేలాడదీసి, అంచులు పక్క కిందికి గట్టిగా దోపాలి. ఇది దోమల కోసమే కాదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువ కరుస్తుంది. కాటు నొప్పి దాదాపు తెలియదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున ఎవరికైనా కడుపునొప్పి వచ్చినా, కనురెప్పలు వాలిపోతున్నా, మింగడం కష్టమైనా పాము కాటేమోనని అనుమానించి 108కి ఫోన్ చేయండి. గాటు కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం చేయొద్దు. రాత్రివేళ రేవు దాటించే పడవ ఎవరిదో పగలే కనుక్కుని ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి.