సూర్యాస్తమయం బీచ్ ఫోటోలో అడ్డొచ్చినవి తీసేయడం ఎలా? మనిషితో పాటు నీడ కూడా పోవాలి

బీచ్ ఫోటోలో అడ్డం వచ్చిన మనిషిని చెరిపేయడం ఇప్పుడు ఫోన్‌లోనే క్షణాల్లో అయిపోతుంది. కానీ చెరిపాక ఫోటో చూస్తే ఎక్కడో తేడా కొడుతుంది. మనిషి పోయాడు, తడి ఇసుకలో అతని ప్రతిబింబం ఉండిపోయింది. లేదా పడవ పోయింది, అది ఉన్నచోట ఆకాశం రంగు పక్కదానికన్నా కాస్త మురికిగా కనబడుతోంది. అస్తమయం వేళ వెలుతురు ఏటవాలుగా పడుతుంది కాబట్టి ప్రతి వస్తువూ తన చుట్టూ చాలా దూరం జాడ వదులుతుంది. సూర్యుడు హొరైజన్‌కి (నీళ్లూ ఆకాశం కలిసే గీతకు) 10 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ పొడవు మనిషి ఎత్తుకు 5.7 రెట్లు. 5 డిగ్రీలకు దిగేసరికి 11 రెట్లు దాటుతుంది. అంటే 1.7 మీటర్ల మనిషి నీడ 19 మీటర్లు. వస్తువును తీయడం తేలికే, ఈ జాడను తీయడమే అసలు పని.

మనవాళ్లు తీసే ఫోటోల్లో ఇంకో సంగతి కూడా ఉంది. మన తీరం తూర్పు వైపుది. విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రం సూర్యుడు వెనక ఊరి వైపు దిగుతాడు. సముద్రంలో మునిగే సూర్యుడు కావాలంటే గోవా, గోకర్ణ, వర్కల వైపు పోవాల్సిందే. పడమటి తీరంలో మీరు సూర్యుడికి ఎదురుగా నిలబడతారు కాబట్టి మనుషులు నల్లటి ఆకారాలుగా వస్తారు, వాళ్ల నీడలు కెమెరా వైపు పాకుతాయి, లెన్స్ ఫ్లేర్ (లెన్స్ లోపల వెలుతురు చెదిరి వచ్చే మచ్చ) పడుతుంది. విశాఖలో సముద్రం వైపు తిరిగితే సూర్యుడు మీ వీపు మీద ఉంటాడు. అందుకే మీ నీడ, ట్రైపాడ్ నీడ ఫ్రేములోకి వస్తాయి. చెత్త కవర్లూ బోర్డులూ నిండు రంగుల్లో వెలుగుతాయి. పోర్టు కోసం లంగరేసిన ఓడలు గులాబీ ఆకాశం కింద స్పష్టంగా కనబడతాయి. అడ్డొచ్చేవి వేరు కాబట్టి తీసే పద్ధతి కూడా కొంత వేరు.

ఏది తీయాలి, ఏది ఉంచాలి

ఫోటోను చిన్నగా, అరచేతి సైజులో చూడండి. చూపు సూర్యుడి మీద నుంచి ఎక్కడికి జారిపోతోందో అక్కడ ఉన్నదే అడ్డం. ఎక్కువగా ఇవి అంచున సగం తెగిన మనిషి, తల హొరైజన్ గీతను దాటిన మనిషి, తెల్లటి నీళ్ల సీసా, నీలం టార్పాలిన్, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. అంచున ఉన్నది క్రాప్ చేస్తే పోతుందేమో ముందు చూడండి. క్రాప్‌తో పోయేదాన్ని బ్రష్‌తో తీయడం దండగ. ఎర్ర కుర్చీని అసలు తీయనే అక్కర్లేదు. దాని మీద మాస్క్ (మార్పును ఆ చోటుకే పరిమితం చేసే ఎంపిక) వేసి శాచురేషన్ (రంగు గాఢత) −60, ఎక్స్‌పోజర్ −0.7 దగ్గర పెడితే ఇసుకలో కలిసిపోతుంది. ఇలా అణచేసిన వస్తువు నకిలీగా కనబడే అవకాశం తక్కువ.

భీమిలి ఒడ్డున లాగి పెట్టిన పడవ, పక్కన వల సర్దుకునే మనిషి మాత్రం అడ్డం కాదు. ఆ తీరం తీరుగా ఉండేదే వాళ్ల వల్ల. వాళ్లను చెరిపేస్తే ఏ బీచ్‌కైనా అతికే ఫోటో మిగులుతుంది.

పని వరుస

లైట్‌రూమ్ లాంటి ఎడిటింగ్ యాప్‌లో రా (RAW) ఫైల్‌తో, అంటే కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫైల్‌తో మొదలుపెట్టండి. ముందు లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్ (లెన్స్ తెచ్చే వంపును సరిచేయడం), తర్వాత హొరైజన్ సరిచేయడం, క్రాప్, సాధారణ ఎక్స్‌పోజర్. ఆ తర్వాతే తీసివేతలు. వైడ్ లెన్స్‌లో హొరైజన్ కొంచెం వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు పోకముందే గీత మీద అతుకు వేస్తే రెండు వైపులా కలవదు. డీహేజ్ (మసక తగ్గించేది), క్లారిటీ (వివరాలు తేటగా చూపేది), ఆకాశం మాస్క్‌లు చివరికి ఉంచండి. ఫోటోషాప్‌లోకి పంపేటప్పుడు 16 బిట్‌లో పంపండి. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. నారింజ నుంచి ఊదాకు మెల్లగా మారే ఆకాశం మీద బ్రష్ తిప్పాక ఆ మెట్లు చారలుగా తేలతాయి.

ఫోటోషాప్‌లో ఖాళీ లేయర్ వేసి, క్లోన్ స్టాంప్ (ఒక చోటి ముక్కను ఉన్నదున్నట్టు ఇంకో చోట వేసేది), హీలింగ్ బ్రష్ (ఆ ముక్కను చుట్టూ ఉన్న రంగుతో కలిపేది)లకు శాంపిల్ (ముక్క తెచ్చుకునే చోటు) దగ్గర "కరెంట్ అండ్ బిలో" ఎంచుకోండి. అసలు పిక్సెల్స్ చెక్కుచెదరవు, తప్పు పోతే ఆ ముక్క ఒక్కటే చెరుపుకోవచ్చు.

ఆకాశం

ముందు సెన్సార్ దుమ్ము. ఎఫ్16, ఎఫ్22 లాంటి చిన్న అపర్చర్ దగ్గర తీసిన ఫోటోల్లో బూడిదరంగు చుక్కలు గట్టిగా కనబడతాయి. లైట్‌రూమ్‌లో రిమూవ్ టూల్ తెరిచి "విజువలైజ్ స్పాట్స్" ఆన్ చేస్తే ఫోటో నలుపు తెలుపుల్లోకి మారి ప్రతి చుక్కా వలయంలా తేలుతుంది. దుమ్ము చుక్క అన్ని ఫ్రేముల్లోనూ ఒకే చోట ఉంటుంది కాబట్టి ఒక ఫోటోలో తీసి మిగతావాటికి సింక్ చేయొచ్చు. మిగతా ఫ్రేముల్లో ఆ చోట ఆకాశమే ఉందో, కొండ అంచు వచ్చిందో చూసుకుని మరీ చేయండి.

పక్షులూ వైర్లూ తీసేటప్పుడు ఎక్కువమంది పొరపాటు పడేది శాంపిల్ ఎక్కడ నుంచి తీసుకోవాలన్న దగ్గరే. అస్తమయం ఆకాశంలో పైకి పోయే కొద్దీ రంగు మారుతుంది. కాబట్టి పైనుంచో కిందనుంచో కాకుండా అదే ఎత్తులో పక్క నుంచి తీసుకోండి. సూర్యుడికి దగ్గరగా ఉంటే ఇది పనిచేయదు. అక్కడ వెలుతురు సూర్యుడి చుట్టూ వలయాలుగా తగ్గుతుంది. అందుకే సూర్యుడి నుంచి అంతే దూరంలో ఉన్న చోటు వెతకండి, వీలైతే రెండో వైపున అదే ఎత్తులో.

వెలుగు ఆకాశం మీద నల్లటి పక్షి లేదా వైరు ఉంటే క్లోన్ స్టాంప్ మోడ్‌ను "లైటెన్"కి మార్చండి. శాంపిల్ కన్నా ముదురుగా ఉన్న పిక్సెల్స్ మాత్రమే మారతాయి, చుట్టూ ఉన్న ఆకాశం దాదాపు అలాగే ఉంటుంది. ముదురు ఇసుక మీద మెరిసే ప్లాస్టిక్ ముక్కకు దీనికి వ్యతిరేకంగా "డార్కెన్". బ్రష్ హార్డ్‌నెస్ (అంచు గట్టిదనం) ఆకాశంలో 0 నుంచి 20 శాతం చాలు.

హీలింగ్ బ్రష్ చుట్టుపక్కల రంగును కలుపుకుంటుంది. అందుకే కొబ్బరాకు సిల్హౌట్‌కి (నల్లటి ఆకారానికి) ఆనుకుని వాడితే ఆ నలుపు ఆకాశంలోకి మసిలా పాకుతుంది. ఆకు దగ్గరికి వచ్చేసరికి హీలింగ్ ఆపి క్లోన్‌కి మారండి, లేదా ముందు ఆకును వదిలి ఆకాశాన్ని మాత్రమే సెలెక్ట్ చేసుకుని పనిచేయండి.

హొరైజన్‌కి అడ్డంగా నిలబడ్డ మనిషి

గోకర్ణలో కుడ్లె బీచ్ లాంటి చోట నుంచి ఒక మామూలు ఫ్రేము తీసుకుందాం. నీటి అంచున ఒకాయన నిలబడి ఉన్నాడు. తల ఆకాశంలో, ఛాతీ సముద్రంలో, కాళ్లు నురగలో, ప్రతిబింబం తడి ఇసుకలో, దాని మీదుగానే కెమెరా వైపు సాగిన నీడ. మొత్తాన్ని ఒక్కసారి చుట్టి "జెనరేటివ్ ఫిల్" (ఏఐతో ఆ చోటు పూడ్చే ఫోటోషాప్ సదుపాయం) నొక్కితే ఒక్కోసారి బాగానే వస్తుంది. చుట్టేటప్పుడు నీడ చివర వదిలేస్తే మాత్రం ఆ నీడకు సరిపడా కొత్త మనిషినో రాయినో తెచ్చి నిలబెట్టే అవకాశం ఎక్కువ. కాబట్టి ప్రతిబింబం, నీడ పూర్తిగా లోపలికి వచ్చేలా, చుట్టూ కాస్త జాగా వదిలి సెలెక్ట్ చేయండి. పెద్ద ప్రాంతం ఒకేసారి ఇస్తే వచ్చే ఇసుక మెత్తగా, రవ్వ లేకుండా ఉంటుంది. ముక్కలుగా ఇవ్వండి.

చేత్తో చేస్తే ఫలితం మీ అదుపులో ఉంటుంది. పైనుంచి కిందికి రండి.

తల భాగాన్ని ఆకాశంతో పూడ్చండి, శాంపిల్ పక్క నుంచే. తర్వాత హొరైజన్. ఇక్కడ 200 శాతం జూమ్‌లో, హార్డ్‌నెస్ 80 శాతం క్లోన్ స్టాంప్‌తో, ఆల్ట్ కీ నొక్కి సరిగ్గా గీత మీదే శాంపిల్ తీసుకోండి. అవతల కూడా గీత మీదే మొదటి క్లిక్ వేయండి. ఒక్క పిక్సెల్ మెట్టు పడినా కన్ను అక్కడే ఆగుతుంది. ఆపైన నీళ్లు. అలలకు వరసలుంటాయి, ఆ వరస వెంటే శాంపిల్ నడిపించండి. నురగ అంచు తెగిన చోట ఆ అంచు వంపును ముందు కలిపి, తర్వాత లోపల నింపండి.

ఆ మనిషి సూర్యుడి వెలుగు దారిలో, నీటి మీద బంగారు గీతలా మెరిసే చోట నిలబడి ఉంటే పక్క నుంచి శాంపిల్ తీసుకునే సూత్రం తిరగబడుతుంది. ఆ దారిలో పక్కకు జరిగితే మెరుపు తగ్గిపోతుంది. కాబట్టి కొంచెం పైనుంచో కిందనుంచో తీసుకోవాలి. దూరం పోకండి. కెమెరాకు దగ్గరయ్యే కొద్దీ తళుకులు పెద్దవవుతాయి, హొరైజన్ దగ్గర సన్నగా ఉంటాయి. రెండు మూడు చోట్ల నుంచి చిన్న చిన్న ముక్కలు తెచ్చి వేస్తే ఒకే తళుకు రెండుసార్లు కనబడదు. ఇక్కడ హీలింగ్ వాడితే మెరుపు బూడిదగా మారిపోతుంది, క్లోన్ ఒక్కటే దారి.

తడి ఇసుకలో ప్రతిబింబం పోయాక అక్కడ ఆకాశం రంగు రావాలి, పొడి ఇసుక రంగు కాదు. పక్కనున్న తడి ఇసుక నుంచే తెచ్చుకోండి. నీడ పొడి ఇసుక మీద దాకా సాగి ఉంటే దాన్ని క్లోన్ చేయాల్సిన పని లేదు. కర్వ్స్ లేయర్ (గీతను వంచి వెలుగూ రంగూ మార్చేది) వేసి, మాస్క్‌ను నీడ ఆకారానికి గీసి, నీడను వెలుగు ఇసుక స్థాయికి పైకి లేపండి. నీడలో ఇసుక నీలంగా ఉంటుంది కాబట్టి నీలం ఛానెల్‌ను కాస్త దించి ఎరుపు పెంచండి. ఇసుక రవ్వలు అసలైనవే మిగులుతాయి. నీడ అంచు దగ్గర సన్నటి గీత ఉండిపోతే దాన్ని మాత్రం హీలింగ్‌తో తీయండి. విశాఖ ఫోటోల్లో మీ సొంత నీడకూ ఇదే పద్ధతి. అక్కడ షూట్ చేసేటప్పుడే పక్కకు జరిగి నీడను ఫ్రేము మూలకు తోసేయగలిగితే ఇంత శ్రమ ఉండదు.

ఇసుక, అడుగుల గుర్తులు

ముందు వరసలో ఇసుక రవ్వ పెద్దది, వెనక్కి పోయే కొద్దీ చిన్నది. ముందున్న అడుగును వెనక ఇసుకతో పూడిస్తే బొమ్మ అతికించినట్టే ఉంటుంది. ఏటవాలు వెలుతురులో ప్రతి అడుగు గుంటకూ ఒక వైపు వెలుగు, ఒక వైపు నీడ ఉంటాయి. శాంపిల్ తెచ్చిన చోట కూడా వెలుగు అదే వైపు నుంచి పడాలి, అందుకే ఫ్లిప్ చేసిన ముక్క వాడకండి. అన్ని అడుగులూ తీయకండి. సముద్రం వైపు పోయే ఒక వరసను వదిలి, దాన్ని అడ్డంగా కోసే గుర్తులు మాత్రం తీస్తే చూపుకు దారి దొరుకుతుంది.

ఫ్లేర్, ఉప్పు చుక్కలు

ఆకుపచ్చ ఫ్లేర్ చుక్క తరచూ ఫ్రేము మధ్యకు అవతల, సూర్యుడికి సరిగ్గా ఎదురు మూలన పడుతుంది. నల్లరాయి మీద పడితే క్లోన్ చాలు. మృదువైన ఆకాశం మీద అయితే ముందు "కలర్" బ్లెండ్ మోడ్‌లో కొత్త లేయర్ వేసి, పక్క రంగును తీసుకుని, 10 నుంచి 20 శాతం ఫ్లోతో (బ్రష్ రంగు వేసే జోరు) పచ్చదనం చంపండి. ఆపైన మిగిలిన వెలుగును కర్వ్స్‌తో దించండి. ట్రైపాడ్ ఉంటే దీనికన్నా మంచి మార్గం ఉంది. ఒక ఫ్రేము మామూలుగా, ఇంకోటి లెన్స్ ముందు వేలితో సూర్యుణ్ని కప్పి తీయండి. రెండో ఫ్రేములో ఫ్లేర్ ఉండదు, మాస్క్‌తో ఆ చోటు మాత్రం తెచ్చుకోవచ్చు.

కెరటాల తుంపర లెన్స్ మీద ఎండితే సూర్యుడికి ఎదురుగా పెద్ద వెలుగు బిళ్లలుగా వస్తుంది. దాన్ని ఎడిటింగ్‌లో శుభ్రంగా తీయడం దాదాపు సాధ్యం కాదు, లెన్స్ మధ్యమధ్యలో తుడవాల్సిందే. పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు రవ్వలు గీతలు పెడతాయి. మైక్రోఫైబర్ గుడ్డను కాస్త తడిపి తుడవండి.

జనం కిక్కిరిసి ఉంటే

కలంగుట్ లాంటి బీచ్‌లో ఒక్కొక్కరినీ చెరుపుతూ కూర్చుంటే తెల్లవారుతుంది. ట్రైపాడ్ మీద, మాన్యువల్ ఎక్స్‌పోజర్‌లో, ఐదారు సెకన్లకొకటి చొప్పున 12 నుంచి 15 ఫ్రేములు తీయండి. ఫోటోషాప్‌లో వాటిని ఒకే స్టాక్‌గా తెరిచి, స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి, స్టాక్ మోడ్‌ను మీడియన్‌కి (ప్రతి చోటా అన్ని ఫ్రేముల్లో మధ్య విలువ తీసుకునేది) పెడితే నడిచేవాళ్లు మాయమవుతారు. కదలకుండా కూర్చున్నవాళ్లు ఉండిపోతారు. అలలు కూడా పొగలా మారతాయి. కాబట్టి మీడియన్ ఫలితాన్ని ఇసుక మీద మాత్రం మాస్క్ చేసి, నీళ్లూ ఆకాశం ఒకే మంచి ఫ్రేము నుంచి తీసుకోండి. అన్ని ఫ్రేములూ రెండు నిమిషాల్లోపు అయిపోవాలి, ఆ వేళ వెలుతురు త్వరగా మారిపోతుంది.

ఫోన్‌లో

స్నాప్‌సీడ్ హీలింగ్‌లో బ్రష్ సైజు మారదు, రెండు వేళ్లతో జూమ్ చేస్తేనే బ్రష్ చిన్నదవుతుంది. జూమ్ చేయకుండా రుద్దితే చుట్టూ ఉన్నదంతా పోతుంది. గూగుల్ ఫోటోస్ మ్యాజిక్ ఇరేజర్‌తో అయితే ముందు మనిషిని, తర్వాత ప్రతిబింబాన్ని, చివర నీడను విడివిడిగా తీయండి.

ఆఖరి తనిఖీ

అన్నిటి పైన తాత్కాలికంగా ఒక కర్వ్స్ లేయర్ వేసి గీతను మూడు నాలుగు చోట్ల పైకీ కిందికీ వంచండి. రంగులు వికారంగా విరిగిపోయి అతుకులన్నీ బయటపడతాయి. సరిచేశాక ఆ లేయర్ తీసేయండి. పూడ్చిన ఆకాశం మరీ నున్నగా ఉంటే ఆ లేయర్ మీద 1 శాతం మోనోక్రోమాటిక్ నాయిస్ (రంగు లేని సన్న రవ్వ) కలపండి, చుట్టూ ఉన్న గ్రెయిన్‌తో కలిసిపోతుంది. డీహేజ్ పెంచాక ఇంకోసారి చూడండి, అది దాగి ఉన్న మచ్చలను పైకి తెస్తుంది.

ఫోటోను సెలూన్లకు (ఫోటో పోటీ ప్రదర్శనలకు) పంపే ఉద్దేశం ఉంటే విభాగం చూసుకోండి. పీఎస్ఏ (ఫోటోగ్రఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా), ఫియాప్ (అంతర్జాతీయ ఫోటోగ్రఫీ కళా సమాఖ్య) నిర్వచనాల ప్రకారం నేచర్ విభాగంలో క్రాప్ చేయొచ్చు, దుమ్ము చుక్కలూ నాయిస్ తీయొచ్చు కానీ ఫోటోలో ఉన్న వస్తువును చెరపకూడదు. పీఎస్ఏ ట్రావెల్ విభాగంలోనూ వస్తువులను చెరపడానికి వీల్లేదు. అలాంటి ఫోటోకు పైన చెప్పిన కుర్చీ రంగు అణచడం లాంటి పనులు కూడా ఆ పోటీ నియమాలు చదివాకే చేయండి, అసలు రా ఫైల్ అడిగితే ఇవ్వగలిగేలా దాచుకోండి.