టర్బో బండిలో వ్యాక్యూమ్, బ్రీదర్ పైపులు మార్చే ముందు

ఎండలు ముదరకముందే గట్టిపడిపోయిన రబ్బరు పైపులు మార్చేద్దామని చాలామంది ఆదివారం పూట బానెట్ ఎత్తుతారు. మంచి పనే. కానీ మామూలు పెట్రోల్ ఇంజిన్‌లో చెల్లిపోయే అశ్రద్ధ, గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో ఉన్న ఇంజిన్‌లో చెల్లదు. ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌కు (సిలిండర్లకు గాలి పంచే గొట్టానికి) తగిలించిన పైపు ఐడ్లింగ్‌లో గాలిని లోపలికి లాగుతుంది, ఆ పీల్పే వ్యాక్యూమ్. యాక్సిలరేటర్ తొక్కి టర్బో అందుకుందంటే అదే పైపులోకి ఒత్తిడి, అంటే బూస్ట్, ఎదురొస్తుంది. ఇంటి ముందు బిగుతుగా కనిపించిన పైపు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఊడిపోయేది అందుకే. మేనిఫోల్డ్ వైపున్న ప్రతి పైపుకూ క్లిప్ వేయండి, చిన్నదే కదా అని వదిలేయకండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి. విప్పే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, ప్రతి పైపు రెండు చివరలకూ ఒకే నంబరు టేపు అంటించండి. అన్నీ నల్లగా, ఒకే లావుగా ఉంటాయి. విప్పాక గుర్తుంటుందనుకోవడం వట్టి భ్రమ.

వేస్ట్‌గేట్‌కు (బూస్ట్ మితిమీరకుండా ఎగ్జాస్ట్‌ను పక్కకు మళ్ళించే తలుపుకు) గాలి ఒత్తిడి అందించే సన్న పైపు ఉన్న బండ్లలో దాన్ని ప్రత్యేకంగా చూడాలి. అది చీలినా, మడతపడినా వేస్ట్‌గేట్ తెరుచుకోదు, బూస్ట్ హద్దు దాటిపోతుంది. బూస్ట్ మీటరు కోసం ఈ పైపుకు టీ జాయింట్ వేయకండి. బ్రేక్ పెడల్‌కు బలం తోడిచ్చే బ్రేక్ బూస్టర్ పైపు జోలికీ వెళ్ళకండి. డీజిల్ బండ్ల సంగతి వేరు: అక్కడ వ్యాక్యూమ్ మేనిఫోల్డ్ నుంచి కాదు, ప్రత్యేక పంపు నుంచి వస్తుంది. చాలా బండ్లలో టర్బోను అదుపు చేసే యాక్చుయేటర్‌కూ, బ్రేక్ బూస్టర్‌కూ ఆ పంపే ఆధారం. ఎలుక కొరికిన ఒక్క సన్న పైపు చాలు, పికప్ పడిపోతుంది.

ఇక బ్రీదర్ పైపు. అసలు తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. పిస్టన్ రింగుల పక్క నుంచి జారిన గ్యాస్, ఆయిల్ ఆవిరి ఇంజిన్ అడుగు గదిలోంచి, అంటే క్రాంక్‌కేస్‌లోంచి బయటపడే దారి ఇదే. పెట్రోల్ టర్బోలో సాధారణంగా రెండు దారులుంటాయి: ఐడ్లింగ్‌లో వన్-వే వాల్వ్ గుండా మేనిఫోల్డ్‌లోకి, బూస్ట్‌లో టర్బోకు ముందున్న గాలి గొట్టంలోకి. ఆ వాల్వ్ తిరగేసి పెట్టారో, బూస్ట్ నేరుగా క్రాంక్‌కేస్‌లోకి దూరుతుంది. డిప్‌స్టిక్ పైకి తన్నుకొస్తుంది, ఆయిల్ సీళ్ళు కారతాయి. టర్బోలోంచి ఆయిల్ సరిగా కిందికి దిగక పొగ కూడా మొదలవుతుంది. పాపం, అప్పుడు చాలామంది టర్బోనే పోయిందనుకుంటారు.

బ్రీదర్ పైపు వంపు తిరిగి మధ్యలో కిందికి జారకూడదు. ఆ పల్లంలో ఆయిలూ నీళ్ళూ నిలిచి దారి మూసేస్తాయి. లోపలి సైజు ఒరిజినల్ కన్నా తగ్గకూడదు. టర్బో పీల్చే వైపు పల్చటి పైపు వేస్తే ఆ పీల్పుకు నొక్కుకుపోతుంది. రంగు బాగుందని మామూలు సిలికాన్ పైపు కొనకండి, ఆయిల్ తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. ఆయిల్‌కు ఆగే రబ్బరే అడగండి. కొందరు పైపు ఊడదీసి చివర చిన్న ఫిల్టర్ తగిలిస్తారు. క్యాబిన్‌లో కంపు రావడమే కాదు, లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో గాలి గొట్టం వైపు రంధ్రం తెరిచి ఉండిపోతే లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది.

ఏ పైపూ ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కు, టర్బైన్ హౌసింగ్‌కు (టర్బోలో ఎగ్జాస్ట్ వైపు భాగానికి) దగ్గరగా పోనివ్వకండి. పెట్రోల్ టర్బోలో ఎగ్జాస్ట్ గ్యాస్ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి కాస్త వదులు ఉంచి, మొన దేలిన రేకులకు తగలకుండా కట్టండి. హీట్ షీల్డ్ విప్పితే మళ్ళీ బిగించడం మరవకండి.

లీకు వెతకడానికి వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టే అలవాటు ప్రమాదం, మంట అంటుకుంటుంది. గ్యారేజీలో పొగ పరీక్ష (పైపుల్లోకి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడడం) చేయించుకోండి. రోడ్డెక్కే ముందు బ్రేక్ చూసుకోండి: ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా నొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బండి కదపకండి.