ఇంట్లో స్మార్ట్ స్పీకర్లు మాట వినకపోతే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

హాల్లో స్పీకర్ ఆగమంటే ఆగదు, పడకగదిలోది యాప్‌లోనే కనబడదు. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా స్పీకర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసేస్తారు. దయచేసి ఆ పని చివరికి ఉంచండి. రీసెట్ చేస్తే పేర్లు, గ్రూపులు, లింక్ చేసిన అకౌంట్లు అన్నీ పోతాయి. కారణం రౌటర్‌లోనో ఫోన్‌లోనో ఉంటే సమస్య మాత్రం ఎక్కడికీ పోదు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: పాట స్పీకర్‌లోకి ఎక్కడి నుంచి వస్తోంది?

దీనికి రెండు దారులున్నాయి. బ్లూటూత్‌లో, మామూలుగా ఎయిర్‌ప్లేలో (ఐఫోన్ లాంటి ఆపిల్ పరికరాల నుంచి వైఫైలో పాట పంపే పద్ధతి) కూడా, పాట ఫోన్ నుంచి స్పీకర్‌కి వెళ్తుంది. క్యాస్ట్ చేసినా (యాప్‌లోని క్యాస్ట్ గుర్తు నొక్కి పాటని స్పీకర్‌కి అప్పగించడం), స్పాటిఫై యాప్‌లో అలాంటిదే అయిన స్పాటిఫై కనెక్ట్ వాడినా, నోటితో అడిగినా పాటని స్పీకరే నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది, ఫోన్ కేవలం రిమోట్. మీది ఏ దారో తెలియకపోతే, పాట నడుస్తుండగా ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి వైఫై, బ్లూటూత్ రెండూ ఆపేయండి. కాసేపట్లో పాట ఆగిపోతే అది ఫోన్ నుంచి వస్తున్నట్టు. ఆగకుండా సాగితే స్పీకరే తెచ్చుకుంటున్నట్టు. ఇది తెలిస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే మొదటి దారిలో ఫోన్‌ని, రెండో దారిలో రౌటర్‌ని, అకౌంట్‌ని చూడాలి.

యాప్‌లో స్పీకర్ కనబడటం లేదు

ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. ఫోన్ స్పీకర్‌ని వెతికే పద్ధతి తెలిస్తే కారణం తేలిగ్గా దొరుకుతుంది. క్యాస్ట్, ఎయిర్‌ప్లే లాంటివి వెతకడానికి ఎమ్‌డీఎన్‌ఎస్ అనే పద్ధతి వాడతాయి. ఫోన్ 224.0.0.251 అనే అడ్రస్‌కి "ఇక్కడ స్పీకర్లు ఏమున్నాయి?" అని ఒక ప్రశ్న పంపుతుంది, అదే నెట్‌వర్క్‌లో ఉన్న స్పీకర్లు జవాబిస్తాయి. ఆ ప్రశ్న ఆ నెట్‌వర్క్ దాటి బయటికి వెళ్లదు. కాబట్టి ఇంటర్నెట్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నా, ఫోన్, స్పీకర్ వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉంటే ఒకదానికొకటి కనబడవు.

ముందు ఫోన్ మొబైల్ డేటా మీద ఉందేమో చూడండి. తర్వాత గెస్ట్ వైఫై. గెస్ట్ నెట్‌వర్క్ పని తీరే అంత, అందులోని పరికరాలు ఇంట్లో మిగతావాటిని చూడకుండా అడ్డుకుంటుంది. ఫోన్, స్పీకర్ రెండూ మెయిన్ వైఫైలోనే ఉండాలి. వీపీఎన్ (ఫోన్ ఇంటర్నెట్‌ని వేరే సర్వర్ గుండా పంపే యాప్) ఆన్‌లో ఉంటే ఆపి చూడండి, చాలా వీపీఎన్‌లు ఇంటి లోపలి పరికరాలతో మాట్లాడనివ్వవు. రౌటర్ సెట్టింగ్స్‌లో ఏపీ ఐసొలేషన్ లేదా క్లయింట్ ఐసొలేషన్ (వైఫైలోని పరికరాలు ఒకదానినొకటి చూడకుండా ఆపే సెట్టింగ్) అని ఉంటే అది కూడా ఆఫ్ చేయండి.

అయినా కనబడకపోతే ఐపీ అడ్రస్‌లు పోల్చండి. ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కితే దాని అడ్రస్ కనబడుతుంది. స్పీకర్‌ది దాని యాప్‌లోనో, రౌటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల లిస్టులోనో ఉంటుంది. ఫోన్‌ది 192.168.1.24, స్పీకర్‌ది 192.168.0.11 అనుకోండి. చుక్కల మధ్య మూడో సంఖ్య దగ్గర (1, 0) తేడా ఉంది కదా, ఇళ్లలో మామూలుగా ఉండే సెట్టింగ్‌లో ఇవి రెండు వేరే నెట్‌వర్కులు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన మోడెమ్ ఒక వైఫై, మీరు కొన్న రౌటర్ ఇంకో వైఫై నడిపే ఇళ్లలో ఇది మామూలే. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కి (సొంత నెట్‌వర్క్ నడపకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) మారిస్తే రెండూ ఒకే నెట్‌వర్క్ అవుతాయి.

ఫోన్ పర్మిషన్లు కూడా చూడాలి. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 (ఐఫోన్ సాఫ్ట్‌వేర్) నుంచి, ఇంటి నెట్‌వర్క్‌లోని పరికరాలను వెతికే యాప్‌లు లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ అడుగుతున్నాయి. మొదటిసారి తొందరలో వద్దని నొక్కితే ఆ యాప్‌కి స్పీకర్లు కనబడవు. ప్రైవసీ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్ తెరిచి ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో యాప్ పర్మిషన్లలో నియర్‌బై డివైజెస్ చూడండి.

ఫోన్‌ని 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌కి మార్చమనే సలహా తరచూ వినిపిస్తుంది. ఒకే రౌటర్ ఇచ్చే 2.4, 5 బ్యాండ్లు సాధారణంగా ఒకే నెట్‌వర్క్, కాబట్టి రోజువారీ వాడకానికి ఆ అవసరం ఉండదు. 2.4 మాత్రమే పట్టుకునే స్పీకర్‌ని మొదటిసారి సెటప్ చేసేటప్పుడు మాత్రం పనికొస్తుంది.

పాట దానంతట అదే ఆగిపోతోంది, లేదా వేరే గదిలో మోగుతోంది

దీన్ని ఇంటర్నెట్ స్పీడ్ మీదకి నెట్టేసి పెద్ద ప్లాన్ తీసుకునేవాళ్లున్నారు. డబ్బు దండగ. స్పాటిఫైలో వెరీ హై క్వాలిటీ అంటే సుమారు 320 కేబీపీఎస్. అలాంటి పాటలు మూడు ఒకేసారి నడిచినా 1 ఎంబీపీఎస్ (1000 కేబీపీఎస్) దాటదు.

మొదట అనుమానించాల్సింది అకౌంట్‌ని. చాలా మ్యూజిక్ సర్వీసుల్లో వ్యక్తిగత ప్లాన్‌కి ఒక సమయంలో ఒక చోటే పాట నడుస్తుంది. మీరు హాల్లో వింటుండగా అదే అకౌంట్‌తో ఇంకొకరు తమ ఫోన్‌లో ప్లే నొక్కితే హాల్లోది ఆగుతుంది. ఇద్దరికీ వేరే అకౌంట్లు ఉండే ఫ్యామిలీ ప్లానే దీనికి సరైన పరిష్కారం.

క్యాస్ట్ చేసేవారికి ఇంకో కారణం ఉంది, చాలామందికి తట్టదు. అదే వైఫైలో ఉన్న మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా మీ పాటకి పాజ్ బటన్‌తో నోటిఫికేషన్ రావచ్చు. పక్క గదిలో ఎవరో నోటిఫికేషన్లు తుడిచేస్తూ పొరపాటున దాని మీద వేలు పెడితే ఇక్కడ పాట ఆగుతుంది, ఎందుకో మీకు అర్థం కాదు. స్పీకర్ సెట్టింగ్స్‌లో క్యాస్ట్ మీడియాని ఇతరులు కంట్రోల్ చేసే ఆప్షన్ ఆఫ్ చేస్తే సరి.

ఇవేవీ కాకపోతే సిగ్నల్. మైక్రోవేవ్ నడిచేటప్పుడే పాట తెగుతోందంటే కారణం దొరికినట్టే, అది కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. స్పీకర్‌కి 5 గిగాహెర్ట్జ్ ఉంటే అందులోకి మార్చండి. 2.4లోనే ఉండక తప్పకపోతే రౌటర్‌లో ఛానెల్ 1, 6, 11లో ఒకటి ఎంచుకోండి. రౌటర్‌ని బీరువా వెనకా, టీవీ వెనకా దాచొద్దు. కాస్త ఎత్తులో, ఇంటి మధ్యలో పెడితే వచ్చే తేడా మీకే తెలుస్తుంది.

పాజ్ నొక్కినా ఆగడం లేదు

స్పీకరే పాట తెచ్చుకునే దారిలో ఇది వస్తుంది. ఫోన్‌లోని బ్యాటరీ సేవర్ మ్యూజిక్ యాప్‌ని మూసేస్తే రిమోట్ పోతుంది, పాట మాత్రం సాగుతుంది. అప్పటికి స్పీకర్ మీది బటన్ నొక్కండి, లేదా నోటితో ఆపమనండి. తర్వాత ఆ మ్యూజిక్ యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసేయండి.

గ్రూప్‌లో ఒక స్పీకర్ వెనకబడి ప్రతిధ్వనిలా వినబడుతోంది

గ్రూప్‌లోని ఏదో ఒక దానికి బ్లూటూత్ ద్వారానో, టీవీ ద్వారానో ఇంకో స్పీకర్ తగిలించి ఉందేమో చూడండి. ఆ అదనపు మెట్టు దగ్గరే ఆలస్యం పుడుతుంది. వీలైతే వైరుతో కలపండి. లేదంటే యాప్‌లో గ్రూప్ డిలే కరెక్షన్ ఉంటే, లయ స్పష్టంగా ఉన్న పాట పెట్టి రెండు గదులకీ మధ్యలో నిలబడి కొద్దికొద్దిగా జరపండి. వేర్వేరు కంపెనీల స్పీకర్లు వాటి సొంత యాప్‌లలో సాధారణంగా ఒక గ్రూప్‌గా కలవవు. అన్నిటికీ ఎయిర్‌ప్లే 2 ఉంటే ఐఫోన్ నుంచి కలిపి వినొచ్చు.

ఒకటి అడిగితే ఇంకోటి పలుకుతోంది

పేర్లు దగ్గరగా ఉండటమే కారణం. "బెడ్‌రూమ్", "బెడ్‌రూమ్ గ్రూప్" అని పెట్టొద్దు. వినడానికి పూర్తిగా వేరుగా ఉండే పేర్లు పెట్టండి.

వాల్యూమ్ పెంచినా పెరగడం లేదు

బ్లూటూత్‌లో కొన్నిసార్లు ఫోన్ వాల్యూమ్, స్పీకర్ వాల్యూమ్ విడివిడిగా ఉంటాయి. రెండూ చూడండి. రాత్రిపూటే ఇలా అయితే నైట్ మోడ్ ఆన్‌లో ఉండవచ్చు.

ఏదీ పనిచేయకపోతే

మోడెమ్, రౌటర్, స్పీకర్ ఈ వరుసలోనే ఆపి ఆన్ చేయండి. ఒకటి పూర్తిగా లేచాకే రెండోది. యాప్‌ని, స్పీకర్ సాఫ్ట్‌వేర్‌ని అప్‌డేట్ చేయండి. అప్పటికీ కాకపోతే స్పీకర్‌ని ఇంకో ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, మీ ఫోన్‌ని కూడా అందులోకే తెచ్చి చూడండి. అక్కడ బాగా నడిస్తే తప్పు రౌటర్‌ది. అక్కడా మొండికేస్తే అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. రీసెట్ తర్వాత కూడా హాట్‌స్పాట్‌లో నడవకపోతే ఆ స్పీకర్‌లోనే లోపం ఉన్నట్టు, వారంటీ ఉంటే వాడుకోండి.