50 దాటాక జిమ్‌లో నిజంగా బలం పెరుగుతోందా? కొలుచుకోవడం ఎలా?

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళలో జిమ్‌కి కూడా వెళ్ళే పెద్దవాళ్ళు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. డాక్టరు చెప్పాడని కొందరు, కొడుకు ఏడాది ఫీజు కట్టేశాడని కొందరు. ఎట్లుండాదని అడిగితే సాధారణంగా వచ్చే జవాబులు రెండే. ‘రెండు కేజీలు తగ్గినానప్పా’, లేదంటే ‘ఇంకో ప్లేటు ఎక్కువ ఏస్తా ఉండా’. వినడానికి బాగుంటాయి. బలం పెరిగిందో లేదో మాత్రం ఈ రెండూ చెప్పవు.

తగ్గిన రెండు కేజీల్లో కొవ్వు ఎంత, కండ ఎంత అన్నది కాటాకి తెలియదు. ముప్పై ఏళ్ళు దాటినప్పటి నుంచి పదేళ్ళకి సుమారు 3 నుంచి 8 శాతం కండ కరుగుతూ వస్తుంది. 60 తర్వాత ఆ వేగం ఇంకా పెరుగుతుంది. కండ కంటే బలం మరింత తొందరగా తగ్గుతుంది. కాబట్టి కొలవాల్సింది బలాన్నే. ఒక నోటు పుస్తకం, ఫోన్‌లో స్టాప్‌వాచ్, చేతులు లేని కుర్చీ ఉంటే చాలు.

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, హెర్నియా ఉన్నవాళ్ళూ, ఈమధ్యే కంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళూ డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. ఈ మాట అందరికీ వర్తిస్తుంది.

ముందు మీ హెచ్చుతగ్గులు ఎంతో తెలుసుకోండి

చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఒక మనిషి సోమవారం కుర్చీలోంచి 13 సార్లు లేచి, గురువారం 15 సార్లు లేచాడనుకోండి. మూడు రోజుల్లో కండ పెరగదు. రాత్రి నిద్ర, తిన్న తిండి, ఎండ, మనసు బాగుండటం, ఇవన్నీ ఆ రెండు అంకెల తేడాలోనే ఉంటాయి.

అందుకని ఏ పరీక్ష అయినా ఒకసారి అలవాటు కోసం చేసి, ఆ అంకెని పక్కన పెట్టేయండి. కొత్త పనిలో మొదటిసారి తడబాటు ఉంటుంది. తర్వాత రెండు వారాల్లో మూడు వేర్వేరు రోజులు చేసి రాసుకోండి. మూడింటిలో మధ్య అంకె మీ మొదలు. పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న తేడా మీ సహజమైన హెచ్చుతగ్గు. ఇక మీదట ఆ తేడాని దాటిన మార్పునే మార్పుగా లెక్క వేయండి. 13, 14, 15 వచ్చినవాళ్ళకి మూడు నెలల తర్వాత 15 వస్తే అది సంబరపడే విషయం కాదు. 17 వస్తే పడొచ్చు.

పరిస్థితులు మారకూడదు. అదే వేళ, అదే కుర్చీ, అవే బూట్లు, తిన్నాక అంతే సమయం. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. పెరటాసి శనివారాలు ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఆ రోజు కొలుచుకుంటే వచ్చేది ఉపవాసం లెక్క. మే నెలలో తిరుపతి ఎండకి సాయంత్రం తీసిన అంకెని డిసెంబరు ఉదయం అంకెతో పోల్చినా అంతే. ఎండాకాలంలో తెల్లవారుజామునే కొలవండి. కుదిరితే నిరుడు మే అంకెతో ఈ మే అంకెని పోల్చండి.

కుర్చీ పరీక్ష

సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీని గోడకి ఆనించండి. ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు వంగుతాయి, నున్నటి గచ్చు మీద జారతాయి. చెక్కదో ఇనుపదో అయితే మేలు. మధ్యలో కూర్చుని, పాదాలు నేలకి పూర్తిగా ఆనించి, చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోండి. 30 సెకన్లలో ఎన్నిసార్లు నిటారుగా నిలబడి మళ్ళీ కూర్చోగలరో ఎవరైనా లెక్కపెట్టాలి. టైము అయ్యేసరికి సగానికి పైగా లేచి ఉంటే దాన్నీ ఒకటిగా కలపొచ్చు. తొడ మీద చెయ్యి వేసి లేస్తే సున్నా. కఠినంగా అనిపించినా రూలు అదే. లేకపోతే చేతుల బలం కాళ్ళ ఖాతాలో పడుతుంది.

అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టిక ప్రకారం 60 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళు 14 కంటే తక్కువ, ఆడవాళ్ళు 12 కంటే తక్కువ సార్లు లేస్తే ఆ వయసు సగటు కంటే వెనకబడినట్టు. 70 నుంచి 74 మధ్య ఆ అంకెలు 12, 10. అవి అక్కడి జనాన్ని చూసి వేసిన అంకెలు. ఓ అంచనాకి పెట్టుకోండి, పోటీ మాత్రం మీ పాత అంకెతోనే.

ఇదే కుర్చీలో ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా రాసుకోండి. ఆసియా దేశాల వైద్యులు 2019లో వేసిన ప్రమాణాల్లో 12 సెకన్లు, ఆ పైన పడితే కండ క్షీణత ఉందేమో చూడాలని ఉంది. 6 మీటర్లు మామూలుగా నడవడానికి 6 సెకన్లు దాటినా అంతే. చేతి పట్టు బలం మగవాళ్ళకి 28 కేజీల కంటే, ఆడవాళ్ళకి 18 కేజీల కంటే తక్కువ ఉన్నా అంతే. పట్టు కొలిచే పరికరం ఫిజియోథెరపీ చేసేవాళ్ళ దగ్గర ఉంటుంది. అది దొరక్కపోతే రెండు చేతుల్లో నిండు బిందెలు పట్టుకుని ఎంతసేపు నిలబడగలరో చూసుకోండి. బిందెలు మార్చకండి, అంతే.

జిమ్‌లో కేజీల లెక్క

ఇక్కడే ఎక్కువమంది తమని తాము మోసం చేసుకుంటారు. 40 కేజీలు 8 సార్లు ఎత్తేవాళ్ళు 45కి వెళ్ళి 4 సార్లు ఎత్తి ‘పెరిగినా’ అంటారు. ఎప్లీ సూత్రం అని ఒకటుంది. ఎన్నిసార్లు ఎత్తారో దాన్ని 30తో భాగించి, ఒకటి కలిపి, బరువుతో గుణించాలి. గట్టిగా ఒక్కసారి ఎంత ఎత్తగలరో దాని అంచనా వస్తుంది. 40 కేజీలు 8 సార్లకి 50.7. 45 కేజీలు 4 సార్లకి 51. రెండూ ఒకటే బలం, ప్లేటు మాత్రమే మారింది. అదే 40 కేజీలనే 10 సార్లు ఎత్తితే 53.3, అక్కడ నిజంగా పెరిగినట్టు. సెట్టులో ఇక ఎత్తలేనంత వరకు చేస్తేనే ఈ అంచనా నిలుస్తుంది. 10 సార్లు దాటాక నమ్మకం తగ్గుతుంది. 50 దాటినవాళ్ళు ఒక్కసారికి ఎంత ఎత్తగలమో నేరుగా పరీక్షించుకోవడం కంటే ఈ లెక్క వేసుకోవడమే క్షేమం.

ఇంకో మోసం లోతు. బరువు పెరిగేకొద్దీ బస్కీ సగంలోనే ఆగిపోతుంది. వెనక ఒక స్టూలు పెట్టుకుని, దానికి తగిలితేనే ఒకటి అని లెక్కపెట్టండి. ఆ స్టూలు ఎత్తు నోటు పుస్తకంలో రాసుకోండి. జిమ్ మారితే కాళ్ళతో బరువు నెట్టే మెషీన్, అంటే లెగ్ ప్రెస్ లెక్క మళ్ళీ మొదటి నుంచే. ఒక మెషీన్ మీద 60 కేజీలు ఇంకోదాని మీద 60 కేజీలు కాదు. వాలు వేరు, పుల్లీ వేరు.

పుస్తకంలో ‘మిగులు’ అని ఒక గడి గీయండి. సెట్టు అయ్యాక ఇంకా ఎన్ని చేయగలిగేవారో నిజాయితీగా అందులో రాయాలి. మార్చిలో ‘లెగ్ ప్రెస్, 60 కేజీలు, 8, మిగులు 1’ అని ఉండి, జూన్‌లో ‘60 కేజీలు, 8, మిగులు 4’ అని ఉంటే ట్రైనరు కళ్ళకి అక్కడ మార్పేమీ కనపడదు. కానీ ఆ మనిషి బాగానే ముందుకెళ్ళాడు. పెద్ద వయసులో ప్రగతి ఎక్కువగా ఈ గడిలోనే ముందు కనిపిస్తుంది. చేతి గడియారం చూపించే గుండె వేగంతో కష్టాన్ని అంచనా వేయకండి. బీపీకి వాడే కొన్ని మందులు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి.

టేపుతో తొడ చుట్టుకొలత తీసేవాళ్ళు తొందరపడి నిరాశపడొద్దు. 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ళ వృద్ధులతో మరియా ఫియాటరోన్ బృందం 8 వారాలు తొడ కండరాలకి బరువులతో వ్యాయామం చేయించింది. బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ మాత్రం 9 శాతమే. మొదటి వారాల్లో ఎక్కువగా నేర్చుకునేది నరాలే, కండ నెమ్మదిగా వెనక వస్తుంది.

మెట్లు కొలత అవుతాయా?

తిరుపతిలో ఉండి ఈ ప్రశ్న రాకుండా ఉండదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. కొండ ఎక్కడానికి పట్టిన సమయం ఎక్కువగా గుండె, ఊపిరితిత్తుల దమ్ము చెబుతుంది. పైగా జనం, ఎండ, మధ్యలో ఆగే చోట్లు, మొక్కుకుని మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ వెళ్ళేవాళ్ళు, ఇవన్నీ కలిసిపోతాయి. మొత్తం దారి కాకుండా ఒక ముక్క ఎంచుకోండి. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఏకధాటిగా ఎక్కుడే. ఆ తర్వాత చాలా దూరం చదునుగా పోయి, చివర్లో మళ్ళీ మోకాళ్ళ మెట్టు వస్తుంది. మొదటి ముక్కలో ఎన్నిసార్లు ఆగారో, ఎన్నిసార్లు కడ్డీ పట్టుకున్నారో రాసుకోవడం టైము కంటే ఎక్కువ పనికొస్తుంది. కాలినడకన దిగి వస్తే మాత్రం తొడలు రెండు మూడు రోజులు పట్టేస్తాయి. ఆ వారం కుర్చీ పరీక్ష పెట్టుకోకండి.

అంకె నిలబడితే, పడితే

పరీక్షలు ఎనిమిది నుంచి పన్నెండు వారాలకి ఒకసారి చాలు. మొదటి ఏడాది అంకెలు పెరుగుతాయి, తర్వాత నిలబడతాయి. దాన్ని వైఫల్యం అనుకోకండి. పెద్ద వయసువాళ్ళ బరువులెత్తే పోటీల్లో (మాస్టర్స్ పవర్‌లిఫ్టింగ్) ఎత్తిన బరువుని వయసుని బట్టి ఒక అంకెతో గుణిస్తారు. మెక్‌కల్లక్ గుణకం అనే ఆ అంకె 50 ఏళ్ళకి 1.13, 60 ఏళ్ళకి 1.34. యాభైలో 100 కేజీలు ఎత్తిన మనిషికి 113 పాయింట్లు. అదే మనిషి అరవైలో 90 కేజీలు ఎత్తితే దాదాపు 120. బరువు పది కేజీలు తగ్గింది, పాయింట్లు పెరిగాయి. పోటీల్లో వాడే కొలత కాబట్టి ఇంట్లో అక్షరాలా పట్టుకోనక్కర్లేదు గానీ, ఐదేళ్ళ పాటు అదే అంకె నిలబెట్టినవాళ్ళు తక్కువేం సాధించలేదని తెలుసుకోవడానికి చాలు.

ఒకసారి పడిపోతే పట్టించుకోకండి, వారం ఆగి మళ్ళీ చేయండి. వరసగా రెండు కొలతల్లో మీ హెచ్చుతగ్గుని దాటి పడితే నిద్ర, తిండి, కొత్తగా మొదలైన మందులు చూసుకోండి. దాంతోపాటు తెలియకుండా బరువు కూడా తగ్గుతుంటే జిమ్ సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నోటు పుస్తకం కూడా తీసుకెళ్ళండి. ‘నీరసంగా ఉంది సార్’ అని చెప్పే బదులు జనవరిలో 14, ఏప్రిల్‌లో 11, జులైలో 9 అని ఉన్న పేజీ చూపించండి.